గోతం చూసి తీసిన గేటు

బనగానపల్లె దగ్గర ఓబుల్‌రెడ్డన్నకు నీళ్లు నిండిన పాత నాపరాయి గని ఉంది. అందులో సరదాగా చేపలు పట్టే మా స్నేహితులందరినీ గాలం వేయనిస్తాడు. ఆయన షరతు ఒక్కటే: ముందు గట్టు మీది సీసాలు, కవర్లు గోతంలోకి ఏరాలి, ఆ తర్వాతే గాలం. మా చేతిలో గోతం చూస్తేనే గని గేటు తీస్తాడు.

ఈ రోజు సాయంత్రం వెళ్తే గట్టంతా ఊడ్చినట్టు ఉంది. ఏరడానికి ఒక్క సీసా లేదు. సంబరపడి జొన్నపిండి ముద్ద విసిరాను. ఎప్పుడూ ఎగబడే చేపలు ఒక్కటీ రాలేదు. ఒక కప్ప కూడా అరవలేదు.

"అన్నా, ఎవరన్నా వచ్చినారా?" అని పక్కనే ఉన్న ఓబుల్‌రెడ్డన్నను అడిగాను.

"నిన్న ఇద్దరు వచ్చినారప్పా. గోతం పట్టుకోని చెత్తంతా ఏరుతాంటే మీవాళ్లే అనుకోని, గేటు తీసిపెట్టి ఇంటికి పోతిని."

అంతలో గట్టువారగా ఒక చేప తెల్లటి పొట్టతో పైకి తేలింది. దాని వెనకే ఇంకొకటి.

"నీళ్లలో మందు కలిపి చేపలు పట్టుకుపోయినారన్నా" అన్నాను.

ఆయన చేపల వైపు చూడనే లేదు. దొడ్డి వైపు తిరిగి, "పొద్దున గొర్రెలకు ఈ నీళ్లే తాపినా గదప్పా" అన్నాడు.

ఇంటికొచ్చాను గానీ, ఫోన్ మోగితే తీయాలంటే భయంగా ఉంది. మీరే చెప్పండి, ఇకమీదట గోతంతో వెళ్తే మాకైనా ఎవరు గేటు తీస్తారు?