పెద్దాయనకు యుద్ధం చదివి వినిపించిన రోజులు

చెప్పేది నేను, రాసేది మా వీధి టీచరమ్మ. నాకు సంతకం వరకే వచ్చు.

మా ఆయన తిరుపతిలో ఒక పెద్దింట్లో కారు తోలేవాడు. ఆ ఇంటి పెద్దాయన ఒకప్పుడు ఢిల్లీలో పెద్ద పదవిలో ఉన్న మనిషి. యుద్ధం వచ్చినప్పుడు సైన్యం ఎటు కదలాలో, ఎక్కడ నిలవాలో చెప్పినవాళ్ళలో ఆయనొకడు. మా ఆయన గుండె ఆగి పోయాక నాకు ఏ ఆధారమూ లేదని ఆ ఇంటివాళ్ళే నన్ను పెద్దాయన దగ్గర పనికి పెట్టుకున్నారు. స్నానం చేయించాలి, గుడ్డలు మార్చాలి, తినిపించాలి. అప్పటికే ఆయనకు మతిమరుపు ముదిరింది. ఇంగ్లీషు పోయింది, హిందీ పోయింది. చిత్తూరు పక్క పల్లెలో పుట్టి నేర్చుకున్న మాట ఒక్కటే నోట్లో మిగిలింది. అందుకే ఆయనకూ నాకూ కుదిరింది.

"అమ్మీ, ఈ పొద్దు సంగట్లోకి ఏముండాది?" అనేవాడు.

"సెనక్కాయల ఊరిబిండి సామీ."

"నమిలేదానికి నాకు పండ్లు యాడుండాయి?"

"అందుకే గదా మెత్తగా నూరినాను. నాలిక ఉండాది గదా, అది సాలు."

"నిన్ను మంత్రిని సేసుంటే బాగుండు," అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఈయన యుద్ధాలు చేయించాడంటే నమ్మబుద్ధి అయ్యేది కాదు.

ఆయన మీద ముందే చాలా పుస్తకాలు వచ్చాయి. హాల్లో అద్దాల బీరువా నిండా అవే. దుమ్ము తుడిచేది నేనే కాబట్టి అట్టల మీద బొమ్మలు నాకు తెలుసు. అయితే అవన్నీ వేరేవాళ్ళు రాసినవట. ఆయన తన నోటితో చెప్పింది ఏదీ లేదట. ఢిల్లీలో ఉద్యోగం చేసి రిటైరై వచ్చిన కూతురమ్మకు అదే బాధ. మతి పూర్తిగా పోకముందే నాన్న మాటలు పట్టుకోవాలని చిత్తూరు నుంచి ఒక సారును పిలిపించింది. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, నెమ్మదస్తుడు. నేను ఆయన్ను రాసే సారు అనేదాన్ని.

సారు మధ్యాహ్నం పూట వచ్చేవాడు. రాసుకొచ్చింది చదివేవాడు. మాటలు పట్టుకోవడానికి ఫోను మంచం మీద పెట్టేవాడు. వింటూ పెద్దాయన ఏదైనా అంటే దాన్ని పుస్తకంలో చేర్చాలని ఆయన ఉద్దేశం. చిన్నప్పటి సంగతులు చదివిన రోజు బాగానే గడిచింది. ఎవరో పిల్లాడు మామిడితోపులో దూరి కాపలావాడి చేత తన్నులు తిన్నాడని చదివితే, పెద్దాయన పొట్ట పట్టుకొని నవ్వాడు.

"వాడెవుడో బలే దొంగనాయాలుగా ఉండాడే!"

"అది మీరే అయ్యా," అన్నాడు సారు.

"నేనా? నేను అంత మంచోణ్ణా?" అన్నాడు. కూతురమ్మ కూడా నవ్వింది.

తర్వాత యుద్ధం భాగం మొదలుపెట్టారు. మంచు కొండ మీద చిన్న కాపలా చోటు ఒకటి ఉండేదట. అక్కడ కొందరు పడుచు పిల్లలు. మంచు పడి దారి మూసుకుపోయింది, కింద నుంచి తిండి అందలేదు, అవతలి వైపు నుంచి గుండ్లు ఆగలేదు. ఎవరూ మిగల్లేదు. సారు మెల్లగానే చదివాడు. పెద్దాయన మొహంలో నవ్వు ఆరిపోయింది.

"ఎప్పుడు?" అన్నాడు.

సారు ఏదో సంవత్సరం చెప్పాడు. పెద్దాయనకు అది ఎక్కలేదు.

"పిల్లోళ్ళు సచ్చిపోతే నాకు ఎవురూ సెప్పలేదే! అందురూ సచ్చినారా? ఒక్కడన్నా దిగలేదా?"

నొసలు కొట్టుకున్నాడు. మంచం కోడు పట్టుకొని పసిబిడ్డలా ఏడ్చాడు. ఆ పూట నోరు తెరవలేదు. మర్నాడు కూడా తెరవలేదు. రాగిజావ చెంచాతో పెదాలకు తాకిస్తే పళ్ళు లేని చిగుళ్ళు బిగించేశాడు. ఆ తర్వాత మరిచిపోయాడు, మళ్ళీ నవ్వాడు, ఊరిబిండి అడిగాడు. హమ్మయ్య అనుకున్నాను. సారు మళ్ళీ వచ్చి అదే చదివాడు.

మనకు ఒక మనిషి చావు ఒక్కసారే తెలుస్తుంది. ఏడుస్తాము, కొన్నాళ్ళకు తేరుకుంటాము. ఈయనకు ఆ పిల్లల చావు చదివిన ప్రతిసారీ కొత్తగా తెలిసేది. తేరుకునే దారే లేదు. నా మొగుడు పోయిన కబురు నాకు రోజూ ఎవరైనా తలుపు కొట్టి చెప్తే నేను బతికుండేదాన్నా?

ఆగలేక సారును వరండాలో పట్టుకున్నాను.

"సారూ, అది చదవొద్దు. మీ కాళ్ళు మొక్కుతాను."

"నేనేం చేసేది తల్లీ, జరిగిందే గదా చదువుతా ఉండేది."

"ఆయనకు జరిగింది కాదు సారూ. జరగతా ఉండాది."

కూతురమ్మ దగ్గరికి పోయి చెప్పాను. ఆమె నా మీద కోప్పడలేదు. కోప్పడితే నాకే తేలికగా ఉండేది.

"అన్నిటికీ నవ్వి ఊరుకుంటున్నాడు. ఆ ఒక్క చోటే నాన్న నాన్నలా మాట్లాడుతున్నాడు. ఆ మాట కూడా లేకపోతే పుస్తకంలో ఆయనెక్కడుంటాడు?" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు. కన్న కూతురు ఆమె. నేను జీతానికి ఉన్నదాన్ని. ఏమని ఎదురు చెప్పేది?

ఒక సాయంత్రం జావ గిన్నె పట్టుకొని కూర్చొని ఉన్నాను. ముందు రోజు మధ్యాహ్నం సారు చదివి వెళ్ళాడు. పెద్దాయన నోరు బిగించి గోడ చూస్తున్నాడు. పొద్దున్నుంచీ కడుపులో ఏమీ లేదు. నాకు ఏం చేయాలో తోచక నోటికొచ్చింది అన్నాను.

"సామీ, ఆ పిల్లోళ్ళు సావలేదంట. దిగొచ్చేసినారంట."

తల తిప్పాడు. "యాడికి?"

నాకు ఏ ఊళ్ళు తెలుసు? మా అక్కను తడలో ఇచ్చారు. నేను బస్సెక్కి చూసిన దూరం అదొక్కటే.

"తడ కాడికి వచ్చినారంట సామీ. ఆన్నుంచి బస్సులో తిరుపతికి."

"మంచు కొండ కాడ్నించి తడకా? ఏ దావన వచ్చినారే?"

దేశం పటం ముందు పరుచుకొని బతికిన మనిషిని ఎట్లా నమ్మించేది? నా నోట్లోంచి మా వైపు వాళ్ళకు వచ్చే మాటే వచ్చింది.

"మొక్కుకున్నారంట సామీ. బతికి దిగితే కొండకొచ్చి గుండు ఇస్తామని. మొక్కు తీర్సుకునేదానికి వస్తా ఉండారు."

దానికి ఎదురు ప్రశ్న వేయలేదు. చావు ముందు నిలబడ్డ పిల్లాడు వెంకన్నకు జుట్టు మొక్కుకోవడం చిత్తూరు పల్లెలో పుట్టిన ఏ మనిషికైనా నమ్మదగ్గ సంగతే. కాసేపు చూసి, నోరు తెరిచాడు. గిన్నె ఖాళీ అయింది.

అన్నీ మరిచిపోయే మనిషి ఇది మాత్రం మరవలేదు, అప్పటి నుంచి ఒకటే పోరు. వాళ్ళను చూడాలి, తీసుకురా. వచ్చారా, గుండు ఇచ్చారా, ఎక్కడున్నారు? కూతురమ్మకు జరిగింది చెప్పాను. సరే, గాలి మార్పు అవుతుంది, తీసుకుపోదాం అంది. రాసే సారు కూడా తోడు వచ్చాడు. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి అలిపిరి వైపు తోసుకుపోయాము.

మా ఊళ్ళో గుండ్లకు కరువా? కొండ దిగిన బస్సుల్లోంచి తలల మీద పచ్చగా గంధం పూసుకున్న పడుచు పిల్లలు గుంపులుగా దిగుతున్నారు. అందరివీ ఒకటే తలలు. మీసం కూడా ఇచ్చినవాళ్ళయితే అన్నదమ్ముల్లా ఉన్నారు. పెద్దాయన కుర్చీలో ముందుకు వంగాడు.

"అదో! అదో!"

"వాళ్ళే సామీ," అన్నాను.

టీ బంకు దగ్గర నిలబడ్డ ఒకణ్ణి చెయ్యి ఊపి పిలిచాడు. "ఏం అబ్బా, ఇట్రా."

వాడు గ్లాసు పట్టుకొనే వచ్చాడు. "ఏం తాతా?"

"ఎప్పుడు దిగినావు?"

"ఇప్పుడే తాతా."

"సలి శానా ఉండిందా పైన?"

"సంపేసింది తాతా! రేతిరంతా బండల మీద కూసోని ఉంటిమి. కాళ్ళు కొయ్యబారిపోయినాయి."

"తిండి అందిందా?"

"అందింది. ఉప్మా పెట్టినారు, పాలు ఇచ్చినారు."

పక్కనున్న స్నేహితుడు నవ్వాడు. "ఏం రా, మీ తాతనా? ముందే సెప్పుంటే ఇంటికాన్నే దిగేవాళ్ళం గదరా."

"నీకూ తాతే, వచ్చి దండం పెట్టు ఎదవా," అన్నాడు వీడు.

వంగి దండం పెడితే పెద్దాయన వాడి గుండు మీద చెయ్యి వేశాడు. నిమిరాడు. గంధం వేళ్ళకు అంటింది. "బతికినావు నాయనా, బతికినావు," అంటూనే ఉన్నాడు. ఆ పిల్లాడికి ఏమీ అర్థం కాకపోయినా తల తీసుకోలేదు. నేను కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. కూతురమ్మ అటు తిరిగి నిలబడింది. పెద్దాయన సామాన్య భక్తులతో ఎట్లా కలిసిపోతాడో రాయాలని సారు ఏదో రాసుకున్నాడు.

ఆ పూట ఆయన ఎంత తిన్నాడో! ఇంక ఈ పోరు తీరిందనుకున్నాను. ఎవరు ఏం చదివినా, వాళ్ళను కళ్ళారా చూశారు గదా సామీ అని చెప్పుకోవచ్చు అనుకున్నాను.

తెల్లారి మొహం కడిగిస్తుంటే నా చెయ్యి పక్కకు నెట్టాడు. నిటారుగా కూర్చున్నాడు. ఆయన అట్లా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఆ పిల్లోళ్ళను యాడ పెట్టినారు?"

"సత్రంలో ఉండారు సామీ."

"తిన్నారా? నిద్రపోయినారా?"

"ఆ సామీ."

"అయితే ఇంక పంపించండి."

"ఊర్లకే గదా సామీ. వాళ్ళ అమ్మలు సూస్తా ఉంటారు, పంపిద్దాం."

"ఊర్లకేంది?" గొంతు పెరిగింది. "ఆ కొండ మీద ఎవురూ లేరు. ఖాళీగా ఉండాది. వాళ్ళనే ఎక్కించాల."

"వద్దు సామీ! ఇప్పుడే గదా బతికి వచ్చినారు!"

ఆయన నా వైపు చూసిన చూపులో కోపం లేదు. తెలియనిదానికి నెమ్మదిగా చెప్పినట్టు చెప్పాడు.

"పొయ్యేదానికి బతికినోళ్ళే గదా ఉండేది అమ్మీ. సచ్చినోళ్ళను యాడికి పంపేది?"

చూపుడు వేలితో మంచం పట్టె మీద సంతకం పెట్టినట్టు గీశాడు. గుమ్మంలో కూతురమ్మ నిలబడి ఉంది. విన్నది. లోపలికి పోయింది. ఆ మాట ఫోనులో పడలేదు, సారుకు ఆమె చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ఆ పిల్లలను చావనిస్తే ఈయన ఏడుస్తాడు, తినడు. బతికిస్తే మళ్ళీ పంపుతాడు. వాళ్ళను దాచేదానికి మూడో చోటు నాకు దొరకలేదు.

రోజూ అడిగేవాడు, పోయినారా అని. బస్సుల్లేవు సామీ అన్నాను. దావలో బండలు పడినాయి సామీ అన్నాను. "నడిసి పొమ్మను, పిల్లోళ్ళే గదా," అన్నాడు. పోలేదంటే కోపం, నోరు బిగించేసేవాడు. మనిషి చిక్కిపోయి చొక్కాలో మిగల్లేదు. చివరికి ఒక పొద్దు, చేతకాక, పోయినారు సామీ అనేశాను. తిన్నాడు. తిని, వాకిలి వైపు తిరిగి కూర్చున్నాడు.

"కబురు వచ్చిందా అమ్మీ?"

"రాలేదు సామీ."

మూతి తుడిచాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను. అట్లా కొన్నాళ్ళు గడిచాయి. మధ్యాహ్నం అన్నం కలిపి పెడుతున్నాను, అదే అడిగాడు.

"ఇంకా రాలేదా?"

"రాలేదు సామీ."

"మంచిదే," అని నోరు తెరిచాడు.

ముద్ద పెడుతుండగా గేటు గొళ్ళెం చప్పుడైంది. సారు. అచ్చుకు పోయే ముందు మొదటి నుంచీ ఒకసారి పెద్దాయనకు వినిపించాలని కూతురమ్మే రమ్మంది. చంకలో కాగితాల కట్ట పట్టుకొని, చెప్పులు మెట్ల మీద విడిచి, లోపలికి వస్తున్నాడు. ఎంగిలి చెయ్యి అట్లాగే గిన్నె మీద పెట్టుకొని ఆయన్ను చూస్తూ ఉన్నాను. సారును చూసి పెద్దాయన మొహం వెలిగింది.

"రాప్పా, రా. నీకోసమే సూస్తా ఉండాను," అన్నాడు. "కబురు తెచ్చినావా?"