ముల్లు పానా కోసం పాతబస్తీకి

నేను చెబుతుంటే పక్కింటి టీచరమ్మ రాస్తోంది. నాకు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. బండ్ల పని చేసేవాళ్లెవరైనా టార్కు పానా కొనాలనుకుంటే ఈ దారిన పోయి రావచ్చని ఇదంతా చెబుతున్నాను. టార్కు పానా అంటే నట్టును ఎంత గట్టిగా బిగిస్తున్నామో అంకెల్లో చూపించే పానా.

జడ్చర్లలో మాది మోటారుసైకిళ్ల రిపేరు దుకాణం. మా ఆయన నడిపేవాడు. పదకొండేళ్లు ఆయన పక్కన కూర్చుని నేనూ పని నేర్చుకున్నాను. ఆయన పోయి నాలుగేళ్లయింది, అప్పటినుంచి నేనే చేస్తున్నాను. పానా పట్టి తిప్పుతుంటే ఎక్కడ ఆగాలో చేతికే తెలుస్తుంది. మా దుకాణంలో కొలతంటే అదే. పోయిన ఎండాకాలం నేల మీద పడ్డ ఆయిలు తొక్కి జారాను, కుడి మణికట్టు విరిగింది. నెలన్నర కట్టు. కట్టు విప్పాక చెయ్యి వంగింది, బరువూ ఎత్తింది. కానీ ఎక్కడ ఆగాలో చెప్పడం మానేసింది.

వానాకాలంలో రెండు బండ్లకు ఇంజను కింది ఆయిలు బోల్టు ఎక్కువ బిగించి మర తెంపాను. ఒకాయన బజారులో నిలబడి అందరికీ వినబడేటట్టు, "ఆడమనిషి చేతికి బండిచ్చిన, నాదే బుద్ధి తక్కువ" అన్నాడు. మా మరిది మంచివాడే. "వదినా, షట్టరు ఎస్టీడీ బూతుకు కిరాయికిద్దాం. దసరా లోపల చెప్పు" అన్నాడు. దసరాకు పన్నెండు రోజులుంది. చేతికి బదులు పని చేసే పానా దొరికితే దుకాణం ఉంటుంది, లేకపోతే బూతు వస్తుంది. అందుకని పట్నానికి బయలుదేరాను.

ఉత్త చేతులతో పోలేదు. గోనెసంచిలో ఒక పాత ఇంజను పెట్టుకున్నాను. నాకు నేర్పడానికని మా ఆయన ఉంచిన తుక్కు ఇంజను అది. ఇంజను పైన మూతను హెడ్డు అంటాం. దాన్ని నాలుగు నట్లు పట్టి ఉంచుతాయి. ఒకరోజు ఆయన మూలకు మూలగా రెండు నట్లు బిగించి, తక్కిన రెండూ నన్ను బిగించమన్నాడు. బిగించాను. బాగున్నాయనీ అనలేదు, బాగాలేవనీ అనలేదు. పానా తుడిచి గోడకు తగిలించి లేచిపోయాడు. కొన్నాళ్లకు మంచం పట్టాడు, మళ్లీ లేవలేదు. ఆ నాలుగు నట్లను ఎవరూ ముట్టలేదు. ఆయన బిగువు ఎంతో అంకెలో తెలిస్తే నేనూ ఆ అంకెకు బిగించవచ్చని నా ఆలోచన. నా రెండు నట్లూ సరిగా వచ్చాయో లేదో కూడా తేలిపోతుంది. అయితే, తెలుసుకోవాలంటే నట్టును కదిలించాలి. కదిలిస్తే ఆయన బిగువు ఇక ఉండదు. అది తెలిసే సంచి కట్టాను.

పొద్దున ఆరు దాటాక పాసింజరు ఎక్కాను. టికెట్టు పదిహేను రూపాయలు. చిన్న పట్టాలు తీసి పెద్ద లైను వేశాక రైలు మునుపటికన్నా తొందరగా పోతోంది. అవి సీతాఫలాల రోజులు. బాలానగర్‌లో గంపలతో ఆడవాళ్లు ఎక్కి పెట్టె నింపేశారు. ఒకామె నా సంచి మీద కాలు పెట్టబోయి ఆగింది.

"ఏందక్కా ఈ మూట, రోలా?"

"ఇంజను."

"రైలుకు ఒక్క ఇంజను సాలలేదా?"

పెట్టెంతా నవ్వింది. ఆమె నాకో పండు చేతిలో పెట్టి, సంచి మీదే కాళ్లు చాపుకుని కూర్చుంది.

ఎనిమిదిన్నరకు ఫలక్‌నుమాలో దిగాను. పాతబస్తీకి పోయేవాళ్లు కాచిగూడ దాకా పోనక్కర్లేదు, ఇక్కడే దిగడం మేలు. బరువు చూసి సిటీబస్సువాడు ఎక్కించుకోలేదు. లాల్‌దర్వాజా దాకా ఆటోకు ఇరవై అయింది. అక్కడ గుడి వెనక సందులో మా ఆయన అక్క, మా వదిన ఉంటుంది. నా బస అక్కడే. ఖిచిడీ, పులుసు పెట్టి నా మణికట్టు తిప్పి చూసింది.

"చెయ్యి బాగలేకుంటే దవాఖానకు పోతరు. నువ్వు పానాల దుకాణానికి పోతవేందే?"

"దవాఖానోళ్లు అతికిచ్చిండ్రు వదినా. అంతకన్న ఏం జేస్తరు?"

"మా తమ్ముడు గూడ గిట్లనే. ఒంట్ల బాగలేకుంటే బండి ముంగట కూసునేటోడు" అని గిన్నె తీసింది.

పదింటికి ఆటోలో అఫ్జల్‌గంజ్ పోయాను. పనిముట్ల దుకాణాలు వరసగా ఉంటాయి, నచ్చిన దాంట్లోకి దూరవచ్చు. నేను దూరిన దాంట్లో అమ్మేవాడు మూరన్నర పొడుగు పానా తీసి బల్ల మీద దబ్బున పెట్టాడు. తళతళలాడుతోంది.

"లేలో అమ్మా, పెద్దది తీసుకో. లారీకి గూడ చల్తా."

పిడి మీద అంకెలు చూశాను. మొదటి గీత దగ్గరే నాలుగు ఉంది. మోటారుసైకిలుకు చక్రం ఇరుసు నట్లు తప్ప తక్కినవన్నీ మూడు లోపలే. ఆ ముక్క మా ఆయన బండి పుస్తకం ఎవరితోనో చదివించుకుని వచ్చి నాకు చెప్పాడు.

"ఇది నాలుగు కాడ మొదలైతుంది భాయ్. నాకు ఒకటి, రెండు గావాలె."

"చిన్న నట్టుకు జర మెల్లగ గుంజు. అయిపోతది."

"మెల్లగ గుంజే చెయ్యే ఉంటే నీ పానా ఎందుకు? ఇంట్లనే ఉందును."

వాడు పానా లోపల పెట్టేశాడు. వాడికి కోపం రాలేదు. "కార్వాన్ల ఒక సేటున్నడు, గాయన దగ్గర పో. పానాలు తూచి అమ్ముతడు" అన్నాడు. పానాలను తూచడమేమిటో నాకు అర్థం కాలేదు. అయినా పోయాను.

ఇక్కడ ఒక మాట. పెద్ద పానా కొంటే చిన్న పనికి కూడా వస్తుందనుకునే మా తోటివాళ్లు చాలామంది ఉన్నారు. రాదు. మణుగులు తూచే కాటా మీద తులం బంగారం పెడితే ముల్లు కదులుతుందా?

కార్వాన్‌లో సేటు దుకాణం చిన్నది, చీకటిగా ఉంది. ఒకవైపు తూకం రాళ్లు, ఒకవైపు పనిముట్లు. సేటుకు డెబ్బై ఏళ్లు ఉంటాయి. "మా తాత రాళ్లు అమ్మిండు, మా బాపు పానాలు అమ్మిండు. నేను రెండూ అమ్ముత" అన్నాడు. నా సంచి విప్పి చూసి, ఎందుకని అడక్కుండా రెండు పానాలు ముందు పెట్టాడు.

ఒకటి టిక్కుమనేది. పిడి తిప్పి అంకె పెట్టుకుంటే, ఆ బిగువు రాగానే చేతిలో టిక్కుమంటుంది. అక్కడితో ఆపాలి. ఇంకో రెండు టిక్కులు కొట్టించేవాళ్లు బోల్టు తెంపుకుంటారు. పని అయ్యాక అంకెను కిందికి తిప్పి పెట్టాలి, లేకపోతే లోపలి స్ప్రింగు అలసిపోతుంది. ఇరుకు చోట మస్తు పనికొస్తుంది. ధర పద్దెనిమిది వందలు. రెండోది ముల్లుది. లోపల ఏమీ లేదు. ఒక ఉక్కు కడ్డీ, దాని పక్కన సన్నటి ముల్లు. లాగితే కడ్డీ వంగుతుంది, ముల్లు మాత్రం ఉన్నచోటే ఉండి అంకె చూపిస్తుంది. సున్నా నుంచి మూడు దాకా గీతలు, అవి కడ్డీతో పాటు ముల్లు కింద జరుగుతాయి. ధర ఆరు వందలు.

"ఇది కరెక్టని ఎట్ల తెలుస్తది సేటు?"

"గట్ల అడుగు" అన్నాడు సేటు సంతోషంగా.

ముల్లు పానా తలను బల్లకున్న పట్టుడులో బిగించాడు, పిడి అడ్డంగా నిలిచింది. కొలతబద్ద పెట్టి చూపించాడు. తల నుంచి పిడి నడిమికి నలభై సెంటీమీటర్లు. అక్కడ తాడు వేసి ఐదు కిలోల రాయి వేలాడదీశాడు. ముల్లు రెండు మీద నిలబడింది. రాయి తీసి రెండున్నర కిలోలది కట్టాడు. ఒకటి.

"మీటరు పొడుగు కట్టెకు కొసన కిలో రాయి కట్టు. కట్టె మొదట్ల ఎంత మెలిపడ్తదో గదే ఒకటి. పొడుగు తక్కువైతే బరువు ఎక్కువ గట్టాలె. గింతే లెక్క."

పదకొండేళ్లు పని నేర్చుకున్నా ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు. చదువుకున్నవాళ్ల మాట అనుకుని భయపడ్డ టార్కు, చివరికి కిరాణా కొట్టు లెక్కే అయింది. టిక్కుదాన్ని కూడా అలాగే తూచి చూపించాడు, అదీ సరిగ్గానే ఉంది. నేను ముల్లుదే తీసుకున్నాను. నా చెయ్యి నాకు టిక్కు సరిగా చెబుతుందన్న నమ్మకం లేదు. కళ్లు బాగున్నాయి.

అప్పుడు ఇంజను బల్ల మీదికెక్కించాం. సేటు చెప్పిన పద్ధతి ఇది. బిగించే దిక్కుకే మెల్లగా లాగాలి. నట్టు కదిలే క్షణాన ముల్లు ఎక్కడుందో అదే దాని బిగువు. ఏళ్లు గడిచిన నట్టు కాస్త ఎక్కువ చూపిస్తుంది. నాలుగూ ఒకే రోజువి కాబట్టి ఒకదానితో ఒకటి పోల్చుకోవచ్చు.

"కదిలిస్తే మళ్ల గట్ల రాదమ్మా. ఎవరు బిగిచ్చిండ్రు?"

"రెండు మా ఆయన, రెండు నేను. ఆయన ఇప్పుడు లేడు."

సేటు ముల్లు పానాను నా ముందుకు జరిపి, "మరి ఇష్టమేనా?" అన్నాడు.

"గందుకే మోసుకొచ్చిన."

నీళ్లు తాగి పానా పట్టాను. సేటు కళ్లజోడు పెట్టుకుని ముల్లు చూశాడు. మొదటి మూల నట్టు, రెండు పాయింటు ఒకటి. దాని ఎదుటి మూలది, రెండు పాయింటు ఒకటి. మూడోది ఒకటీ ముప్పావు కూడా రాకముందే కదిలింది. నాలుగోది రెండున్నర దాటినా కదల్లేదు, ఇంకొంచెం లాగాల్సి వచ్చింది.

సేటు కళ్లజోడు తీశాడు. "మొదటి రెండు బిగిచ్చిన చెయ్యి తక్కెడ లెక్కుంది. గీ రెండు బిగిచ్చిన మనిషికి చెయ్యి సోయిల లేదు. ఒకటి భయపడి ఆపిండు. ఇంకోటి భయపడి గుంజిండు." నావైపు తిరిగాడు. "మొదటివి మీ ఆయనవేనా?"

"కాదు. మొదటివి నావి."

సేటు రాళ్లు సర్దుకోవడానికి లోపలికి పోయాడు. నన్ను ఒంటరిగా వదలాలనే పోయాడని నాకు తెలుసు.

నేను స్టూలు మీద కూర్చున్నాను. ఆ రోజు తరువాత ఆయన నాతో అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నడుము నొప్పి, నువ్వు బిగించు. కళ్లలో దుమ్ము పడింది, నువ్వు బిగించు. ఛాయ్ తాగొస్తా, నువ్వు బిగించు. పని నేర్పుతున్నాడనుకున్నాను. అలసిపోయాడనుకున్నాను. ఛాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటే చలి అనుకున్నాను. ఆ నాలుగు నట్లు నాకు పరీక్ష కాదు. నా బిగువు పక్కన పెట్టి ఆయన తన చేతినే చూసుకున్నాడు. మొదట కోపం వచ్చింది, చెబితే ఏం పోయేదని. తరువాత కోపం పోయింది. తన చెయ్యి అబద్ధం చెబుతోందని తెలిసిన రోజు నుంచి ఒక్క బండి మీద కూడా దాన్ని పెట్టని మనిషి ఆయన. నేనేమో రెండు మరలు తెంపాక గానీ రైలెక్కలేదు.

సేటు వచ్చి, "బిగించు. రెండు కాడికి" అన్నాడు. నాలుగూ వదులు చేశాను, మామూలు పానాతో. టార్కు పానాతో విప్పకూడదు. మరలు తుడిచాను. ఆయిలు అంటి ఉంటే ముల్లు రెండు చూపించేలోపే బోల్టు ఎక్కువ సాగిపోతుంది. మూలకు మూలగా మొదట ఒకటి దాకా, తరువాత రెండు దాకా. పిడి నడిమినే పట్టుకోవాలి, అటూ ఇటూ జరిగితే లెక్క తప్పుతుంది. ముల్లు రెండు మీదికొచ్చినప్పుడల్లా ఆపాను. చెయ్యి ఇంకొంచెం లాగుదామనే అంది. కన్ను వద్దంది. నాలుగూ అయ్యాక సేటు తల ఊపి, ఏ నట్టుకు ఎంతో ఒక అట్ట మీద ఇంజను బొమ్మ వేసి అంకెలు రాసిచ్చాడు. అక్షరం ఒక్కటీ లేదు.

రాత్రికి వదిన ఇంట్లో ఉండి, మరునాడు పొద్దున ఫలక్‌నుమాలోనే రైలెక్కాను. ఈసారి పెట్టె ఖాళీగా ఉంది. ఎదురుగా జడ్చర్ల దగ్గరి పల్లెటూరాయన కూర్చున్నాడు, చేతిలో హెల్మెట్టు. బండి షోరూములో వదిలి పోతున్నాడట. నా పానా చూసి చేతిలోకి తీసుకున్నాడు.

"ముల్లు చూసి బిగిస్తే ఇగ మెకానికు పనితనమేముందమ్మా?"

"మంచి సేటు గూడ తక్కెడ పెట్టే అమ్ముతడు బిడ్డా. చేతిల ఎత్తి చూసి ఇయ్యడు."

ఆయన నవ్వి దుకాణం ఎక్కడని అడిగాడు, చెప్పాను. ఈసారి నుంచి మీ దగ్గరికే తెస్తా, రేపే ఇంకో బండి తెస్తా అన్నాడు.

పోయొచ్చినవాళ్లు ఊరు ఎట్లా ఉందంటే ఏదో ఒకటి చెబుతారు. నాకు ఆ ఊరంటే కార్వాన్‌లో ఆ చీకటి దుకాణం, పిడికి కట్టిన ఐదు కిలోల రాయి, కదలకుండా నిలబడ్డ ముల్లు. తెలిసినదాన్ని దాచకుండా రాయి కట్టి చూపించే మనిషి ఉన్న ఊరు మంచి ఊరే. షాద్‌నగర్ దాటేసరికి నేను వేళ్ల మీద లెక్కపెడుతున్నాను. కట్టు విప్పాక నా చేత్తో బిగించిన బండ్లు, మర తెగిన రెండూ కాక, తొమ్మిది. అందులో ఒకటి ఈయన ఊరి పోస్ట్‌మన్‌ది.

"రేపు రాకు బిడ్డా, ఎల్లుండి రా. రేపు మీ ఊరి పోస్టాయనను బండి తోలుకరమ్మని చెప్పు."

"ఎందుకు, ఏమన్న ఖరాబున్నదా?"

"ఏమో, ఇంక చూడలే. గందుకే రమ్మంటున్న. పైసలియ్యొద్దని చెప్పు. వచ్చేదాక మెల్లగ తోలుమని చెప్పు."

ఆయన తల ఊపాడు. మిగతా ఎనిమిది మంది ఇళ్లు నాకు తెలుసు. స్టేషనులో దిగి, నా కోసం వచ్చిన మరిదికి సంచి అప్పజెప్పి, పానా భుజాన వేసుకుని మొదటి ఇంటి వైపు నడిచాను.