చెట్టు నడుమ ఆగిన కాళ్లు

పెద్దనాయిన పోయాడని నాకు మా ఊరి వాట్సాప్ గ్రూపు చెప్పింది. పూలదండ వేసిన ఫొటో, కింద "ధైర్యానికి మారుపేరు" అని రాత. పెట్టినవాడి పేరు చూసి నవ్వొచ్చింది. పోయిన ఎండాకాలం ఆయన్ను పిరికివాడన్న మొదటి నోరు అదే.

ఆయన మా నాయినకు అన్న. తిరుమలగిరి దగ్గర మా ఊళ్లో తాళ్లు గీసి కల్లు తీసేవాడు. ఎక్కేముందు చెట్టును అరచేత్తో ఒకసారి తట్టేవాడు, బర్రెను తట్టినట్టు. "పలకరియ్యకుంట ఎవరింటికన్న పోతమా బిడ్డా?" అనేవాడు.

బీపీకి కొత్త గోలీ మొదలయ్యాక ఆయన చెట్టు నడుమ ఆగసాగాడు. నడుముకు చుట్టుకున్న మోకు మీద వాలి కాసేపు రొప్పి, ఒక్కోసారి దిగిపోయేవాడు. కల్లు కోసం కింద తాటాకులు దొప్పల్లా మడిచి పట్టుకున్న పెద్దమనుషులకు అదొక తమాషా.

"ఏంది మామా, పాము కనవడ్డదా?"

"భయం పట్టిందిరా. నిచ్చెన తేండ్రి!"

"మెడలెత్తుడు తప్ప మీకేమొచ్చురా?" అనేవాడు పైనుంచి.

వాళ్లు నవ్వుకుంటూనే వేరేవాళ్ల చెట్ల కిందికి పోయారు.

నేను ఫార్మసీ చదివాను. ఆ గోలీ గుండె వేగాన్ని తగ్గిస్తుంది. కష్టం చేసేటప్పుడు తొడ కండలు అడిగినంత నెత్తురు అందదు. దాచుకున్న చక్కెరనూ కొవ్వునూ కరిగించుకొమ్మని ఒళ్లు కండలకిచ్చే ఆజ్ఞ కూడా మందగిస్తుంది. కుర్చీలో కూర్చునేవాడికి ఈ తేడా తెలియదు. తాడిచెట్టెక్కేవాడికి కాళ్లు సగంలోనే బరువెక్కుతాయి. భయం కాదది, మందు.

ఆయన్ను డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. మందు మార్చమని అడిగితే డాక్టరు ఫోన్ లోంచి తలెత్తలేదు.

"ఈ వయసులో చెట్లెందుకయ్యా? ఇంట్ల కూసో."

"సార్, అది ఆయన పని. వేరే రకం గోలీ..."

"నువ్వు డాక్టరువా?"

"ఫార్మసీ, సార్."

"అయితే మందులమ్ముకో, పో."

బయటికొచ్చాక పెద్దనాయినే నన్ను ఊరడించాడు. "పోనియ్యి బిడ్డా. కుర్సీల కూసున్నోనికి కాళ్ల సంగతేం ఎరుక?"

నెల తిరక్కుండానే ఫోన్ చేశాడు, గొంతులో పండగ. "గోలీ బందు పెట్టిన బిడ్డా. నా కాళ్లు నాకొచ్చినయ్! అందరు మల్ల నా చెట్లకిందికే వస్తున్రు."

"అయ్యో పెద్దనాయినా! గట్ల ఒక్కసారే ఆపితే గుండె మీద పడ్తది. ఇయ్యాల్నే మల్ల వేసుకో. ఆయితారం వస్త, ఇంకో డాక్టరుకు చూపిద్దాం."

"ఆయితారం రా. ముంజలు కొట్టి పెడ్త."

ఆదివారం రాకముందే వాకిట్లో కత్తి నూరుతూ ఛాతీ పట్టుకుని పడిపోయాడట. ఆస్పత్రి దాకా కూడా పోలేదు.

మట్టి చేసిన మర్నాడు తాళ్లలోకి పోయాను. ఆయన వంతు చెట్లను సంఘం ఇంకా ఎవరికీ పంచలేదు. ఆయన కట్టిన లొట్టి కుండలు పైననే ఉన్నాయి. నిండి పొర్లి, కల్లు మొదలు దాకా కారుతోంది. కింద అదే గుంపు, చేతుల్లో మడిచిన తాటాకులు. అందరి మెడలూ పైకే ఉన్నాయి.