మేనత్త ట్రేలో పెట్టనిది

కోదాడలో పంతులమ్మగా చేసిన మా మేనత్త, ఎవరు ఏం చెప్పినా ముందు కుడి చేయి ఎత్తి, "ఎందుకో చెప్పు" అనేది. కరెంటు బిల్లు కొట్టే మనిషినీ, క్యాన్సర్ వచ్చిన తన రొమ్మును ఆపరేషన్ చేసి తీసేసిన డాక్టర్నీ అలాగే ఆపింది. ఆపరేషన్ తర్వాత గుడ్డ సంచి కుట్టి, బరువు కోసం ఆవాలు నింపి, జాకెట్ లోపల పెట్టుకునేది.

విమానాశ్రయంలో తెర వెనక ఆమెను తనిఖీ చేస్తున్న అమ్మాయి చేతికి ఆ సంచి తగిలింది. బయట నిలబడ్డ నాకు వాళ్ల మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"తీసి ట్రేలో పెట్టండమ్మా, ఎక్స్‌రేకు పంపాలి."

"ఎందుకో చెప్పు బిడ్డా."

"లోపల ఏముందో తెలియాలి కదా."

"ఆవాలున్నయ్. గీడనే కుట్టు విప్పుత, సూడు. అందరి ముందట బెల్టు మీదికి మాత్రం పంపనియ్య."

"రూలమ్మా. మీ ఫ్లైట్ పోతుంది."

"పోనియ్యి. ఇది నా రొమ్ము జాగల ఉన్నది, సామాను గాదు."

ఆ అమ్మాయి తన పై అధికారిణిని పిలిచింది. ఆమె లోపలికెళ్లి, ఆవాలు అరచేతిలో పోసుకుని చూసి, విప్పిన కుట్టుకు పెట్టుకోమని తన పిన్నీసు ఇచ్చింది.

అత్త కొంగు సర్దుకుంటూ బయటికి వచ్చింది. బెల్టు చివర ఆమె ట్రేలో చేతిసంచీ, గడియారం, చెప్పులు మాత్రమే ఉన్నాయి.