జోగయ్య బావ కోసుకెళ్లిన కొమ్మలు

మా జోగయ్య బావ దొంగ. ఈ మాట వీధిలో ఎవరైనా ఆయన ముఖం మీదే అంటారు, ఆయనా కాదనడు. డబ్బు ముట్టడు, బంగారం ముట్టడు, గుడి దగ్గర పక్కవాడి చెప్పుల్లో పొరపాటున కూడా కాలు పెట్టడు. పరాయి పెరట్లో మొక్క కనబడితే మాత్రం కొమ్మ విరవకుండా బయటికి రాలేడు.

విజయనగరం కోట దగ్గర మా వీధిలో మండువా ఇళ్లు ఇంకా కొన్ని నిలబడే ఉన్నాయి. ఏటా కార్తీకంలో ఒక ఆదివారం ఆ ఇళ్లూ, వాటి పెరటి తోటలూ ఊళ్లోవాళ్లకి తిప్పి చూపిస్తాం. ముందు నడుస్తూ "ఇది టేకు స్తంభం, అది గిలకబావి" అని చెప్పే పని నాది. వెనక నడుస్తూ కొమ్మలు విరిచే పని బావది. ఆ పని ఆయనకి ఎవరూ అప్పగించలేదు.

నెల్లిమర్ల జూట్ మిల్లులో చేసి రిటైరైన మనిషి. ఎండ ఉన్నా లేకపోయినా గొడుగు తెస్తాడు. నేను స్తంభం గురించి చెబుతుంటే జనం పైకి చూస్తారు. ఈలోగా బావ బొటనవేలి గోరు తన పని కానిచ్చేస్తుంది. కొమ్మ గొడుగులోకి పోతుంది. ఒక ఏడు నడక మధ్యలో వాన పడింది. అందరూ గొడుగులు తెరిచారు, బావ తడుస్తూ నిలబడ్డాడు.

"గొడుగు ఇప్పవేటి బావా?" అన్నాను.

"సన్న వానే గదే."

అప్పుడు మేం చూస్తున్న ఇంటావిడ గౌరి జాలిపడి గొడుగు లాక్కుని తనే తెరిచింది. బావ నెత్తిన నందివర్ధనం, గన్నేరు, మరువం జలజలా రాలాయి. అన్నీ ఆవిడ పెరటివే.

"అడిగితే ఇవ్వనేటి?" అంది గౌరి.

"అడిగి తెచ్చిన మొక్క అలిగి సస్తాదమ్మా. దొంగిలించిందే దొడ్డి నిండా పెరుగుతాది."

ఈ నమ్మకం ఆయనొక్కడిదే అయితే తిట్టి ఊరుకునేవాళ్లం. మా వీధి అంతా నమ్ముతుంది. గౌరి మొహం పక్కకి తిప్పుకుంది. మొహం తిప్పుకుంటే మా వీధిలో తీసుకోమని అర్థం.

ఇక ఆయన సొంత పెరడు! రంగు డబ్బాలు, పగిలిన బకెట్లు, మూత పోయిన కుక్కర్లు, అన్నిట్లోనూ దొంగ కొమ్మలే. "నా ఇల్లు కూడా సూపించే" అని ఏటా అడుగుతాడు. ఎవరి మొక్కని వాళ్లు గుర్తుపట్టి కొట్లాడుకుంటారని నేను ఒప్పుకోను.

బావని అందరికంటే ఎక్కువ తిట్టేది వీధి చివరింటి బుల్లమ్మత్త. ఆవిడ ముద్దమందారం, బొండుమల్లె, జాజి, అన్నీ వాళ్ల అత్తగారు నాటినవి. బావ గడప దాటగానే "ఒరే జోగయ్యా, సేతులు ఎనక్కి కట్టుకుని నడు" అంటుంది. ఆయన బుద్ధిగా కట్టుకుంటాడు. వెళ్లాక చూస్తే ఆయన వీపు వెనకున్న మొక్కలు పొట్టివై ఉంటాయి.

ఈ ఏడు దీపావళి ముందు తుపానుకి పక్కింటి పాత గోడ నానిపోయి బుల్లమ్మత్త పెరట్లో కూలింది. మనుషులకేమీ కాలేదు, మొక్క ఒక్కటి మిగల్లేదు. రాళ్లు ఎత్తించాక ఆవిడ ఆ బోసి నేల చూస్తూ మెట్టు మీద కూర్చుండిపోయింది. రోజులు గడిచినా ఎవరినీ ఒక్క తిట్టు తిట్టలేదు. మాకు భయం వేసింది.

"ఆదోరం నా తలుపు తియ్యను. జనానికి మట్టి సూపిస్తానేటి?" అంది, ఇళ్లు చూపించే ఆదివారం మాట ఎత్తితే.

"గజపతినగరం రోడ్డులో నర్సరీ ఉంది కదత్తా, కొత్త మొక్కలు తెద్దాం."

"అవి మా అత్త మొక్కలేటి? ఇంక నాకే మొక్కలూ వొద్దు."

నేను తిన్నగా బావ దగ్గరికి వెళ్లాను. బుల్లమ్మత్త మొక్కలు ఏమైనా బతికున్నాయా అని అడిగాను.

"అన్నీ ఉన్నాయే. పాత ఇళ్లు, పాత గోడలు. ఏది ఎప్పుడు పడతాదో ఎవుడికి తెలుసు? అందుకే గదా అందరివీ తెచ్చి బతికిస్తన్నాను" అన్నాడు డబ్బాల మధ్య నుంచి.

ఇన్నేళ్లూ ఈ మనిషిని ఎగతాళి చేశాను. ఆ క్షణాన మాత్రం ఆయనంటే నాకు చాలా ఇష్టం కలిగింది.

"అయితే పట్టుకెళ్లి ఇచ్చెయ్యి."

"నేనిస్తే బతుకుతాయేటి? ఆవిడే దొంగిలించాల."

మర్నాడు పొద్దున్న బావ సరిగ్గా బుల్లమ్మత్త వాకిలి ముందు నిలబడి, పక్కనే ఉన్న నాతో వీధంతా వినబడేలా చెప్పాడు.

"ఒసే నీలవేణీ, రామతీర్థం గుడికి ఎల్తన్నాను. సాయంత్రం దాకా రాను. నా పెరటి తలుపు గడియ ఊడిపోనాది. బుల్లమ్మత్త మందారం తలుపు పక్కనే ఉన్నాది. ఎవులేనా ఎత్తుకుపోతారేటో!"

వెళ్లింది మలుపులో టీ కొట్టు దాకానే. గొడుగు ముఖానికి అడ్డం పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. కాసేపటికి బుల్లమ్మత్త గమేళా మీద కొంగు కప్పి, అటూ ఇటూ చూస్తూ బావ పెరట్లోంచి బయటికొచ్చింది. కొంగు చాటు నుంచి మందారాకులు కనబడుతూనే ఉన్నాయి.

"మల్లె కూడా తీసిందా?" అంది గొడుగు.

"నువ్వే చూసుకో బావా."

"నేనెలా సూస్తానే? నేను రామతీర్థంలో ఉన్నాను."

సాయంత్రం బావ ఊరి నుంచి దిగినవాడిలా ఒళ్లు విరుచుకుంటూ వచ్చాడు. బుల్లమ్మత్త వాకిట్లో నిలబడి ఉంది. మోచేతుల దాకా మట్టి.

"ఒరే జోగయ్యా, పెసాదం ఏదిరా?"

బావ జేబులు తడుముకున్నాడు. "అయిపోనాదత్తా. జనం ఎక్కువ."

"టీ కొట్టుకాడ పెసాదం ఎవులు పెడతార్లే" అంది ఆవిడ. తర్వాత మొహం పక్కకి తిప్పుకుంది. "రేపు కూడా రామతీర్థం ఎల్లు. జాజి డబ్బా బరువని ఒగ్గేసి వచ్చినాను. ఆదోరం జనం వస్తారు, అది కూడా నాటాల."