గాలివాటున దేవమణి

డబ్లిన్‌లోని బోమాంట్ ఆసుపత్రిలో ఆపరేషన్లయిన వాళ్ళను మంచం మీంచి లేపి నడిపించే నర్సు దేవమణికి సైకిలు తొక్కడం రాదు. చీరాలలో చిన్నప్పుడు ఇంట్లో ఉన్న ఒక్క సైకిలూ అన్నయ్యల పాలైంది. ఆవిడకు వెనక క్యారేజీ దక్కింది. యాభై దాటినా ఆ ముచ్చట తీరలేదు.

మే నెలలో ఇద్దరికీ సెలవు కలిసొచ్చి, తోటి నర్సు ఫెబి ఆవిడను కారులో ఉత్తరాన డెర్రీ దగ్గరి సముద్రతీరానికి తీసుకెళ్ళింది. బస చేసింది రెండో ప్రపంచయుద్ధం నాటి ఎయిర్‌ఫీల్డులో. కెనడా నుంచి అట్లాంటిక్ దాటొచ్చిన యుద్ధవిమానాలు ఒకప్పుడు అక్కడ దిగేవట. ఇప్పుడది మాలకీ అనే రైతుది. సైనికులు పడుకున్న రేకుల షెడ్లలో గొర్రెలు, హ్యాంగరు నిండా ఎండుగడ్డి, కంట్రోల్ టవర్ కింది గదుల్లో అతిథులకు మంచాలు. రన్‌వే మాత్రం చెక్కుచెదరలేదు. కనుచూపు మేరా కాంక్రీటే.

టీ అయ్యాక మాలకీ ఒక పాత సైకిలు తెచ్చి గోడకానించాడు.

"ఎక్కక్కా!" అంది ఫెబి.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! నడుం విరిగితే నన్నెవరు లేపుతారే?"

"మన వార్డులోనే బెడ్డిప్పిస్తాలే."

ఎక్కింది. ఫెబి సీటు పట్టుకుని నాలుగడుగులు నడిచిందో లేదో, సముద్రం మీంచి వచ్చిన గాలి దేవమణి వీపు మీద చెయ్యేసి తోసింది. చున్నీ ముందుకెగిరింది. పెడళ్ళు వాటంతటవే తిరుగుతున్నాయి.

"వదలకే ఫెబీ, వదలకే!"

"ఎప్పుడో వదిలేశానక్కా!" ఎక్కడో దూరం నుంచి వినిపించింది.

భయం వేయాల్సిన చోట ఆవిడకు నవ్వొచ్చింది. వచ్చిన నవ్వు ఆగలేదు. ఎదురుగా గొర్రెలు. "జరగండమ్మా, జరగండి!" అని తెలుగులోనే అరిచింది. అవి జరిగాయి. పక్కనే ట్రాక్టరు తోలుకొస్తూ మాలకీ, "యూ ఆర్ గ్రాండ్! ది బ్రేక్! ది బ్రేక్!" అంటున్నాడు. బ్రేకు ఎక్కడుందో ఆవిడకు తెలిస్తే కదా! తిన్నగా హ్యాంగరులోకి దూసుకుపోయి గడ్డిలో కూరుకుపోయింది.

ఫెబి రొప్పుతూ వచ్చేసరికి రెండు కాళ్ళే బయటికి కనిపిస్తున్నాయి.

"అక్కా, దెబ్బలేమైనా తగిలాయా?"

గడ్డి ఉమ్మేస్తూ లేచింది దేవమణి. "సైకిలుకేం కాలేదు కదా? పట్టవే, మళ్ళీ ఆ చివరికి పోదాం."

గాలికి ఎదురు తొక్కడం ఆవిడ తరం కాలేదు. ప్రతిసారీ మాలకీయే సైకిలుతో సహా ట్రాక్టరు ట్రాలీలో మొదటికి చేర్చాడు. పొద్దు వాలేలోగా బ్రేకు వంటబట్టింది గానీ మలుపు తిరగడం మాత్రం రాలేదు.

డబ్లిన్ చేరగానే ఎర్ర సైకిలు కొంది. మలుపు వస్తే దిగి, తిప్పుకుని, మళ్ళీ ఎక్కుతుంది. మొన్న జోరువానలో ఫెబి కారాపి రమ్మంటే, గంట ట్రింగుమనిపించి వెళ్ళిపోయింది.