చెరి సగం ఇంగ్లీషు

ఆ ఆసుపత్రి సిబ్బందికి సాయంత్రాలు ఇంగ్లీషు చెప్పే టీచరమ్మకు తన పద్ధతంటే మహా గర్వం. ఉండదా మరి! క్లాసంటే మామూలు క్లాసా అది? కాలేజీ చదివొచ్చిన వార్డుబాయ్ పక్కన, తన పేరైనా కూడబలుక్కుని రాసే తోటమాలి. రోజంతా ఎక్కేవాళ్లతో దిగేవాళ్లతో గలగలా మాట్లాడే లిఫ్టు ఆపరేటరు ఒకవైపు, గుడ్ మార్నింగ్ అనడానికే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునే పిల్లల వార్డు ఆయా ఒకవైపు. తెలియనివాళ్లకు అర్థమయ్యేలా చెబితే తెలిసినవాళ్లు ఆవలిస్తారు. తెలిసినవాళ్ల స్థాయికి చెబితే తెలియనివాళ్లు బిక్కమొహం వేస్తారు. ఎవరికని చెబుతుంది పాపం!

అందుకని ఆవిడ అందరినీ జోడీలు కట్టింది. వచ్చినవాడు వాక్యం మొదలెట్టాలి, రానివాడు పూర్తి చెయ్యాలి. లిఫ్టు ఆపరేటరుకు ఆయా జోడీ. అతను “సర్, ఇఫ్ యూ ఫీల్ ఎనీ పెయిన్...” అని అందిస్తే ఆమె కళ్లు గట్టిగా మూసుకుని “ప్లీజ్ ప్రెస్ ది బెల్!” అని అరిచేది. నొప్పిగా ఉంటే బెల్లు నొక్కండని పేషెంటుకు చెప్పే మాట అది. వరండాలో పోయేవాళ్లు వింటే ఈ గదిలో అందరికీ ఇంగ్లీషు మంచినీళ్ల ప్రాయమనుకునేవారు. టీచరమ్మా అదే అనుకుంది. అక్కడే కొంప మునిగింది.

కొత్త మేనేజరు వస్తూనే వార్డుల్లో, లిఫ్టుల్లో పనిచేసే వాళ్లందరికీ ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష పెట్టాడు. తప్పినవాళ్లను కింద లాండ్రీకి పంపిస్తానన్నాడు. మిగతావాళ్లకైతే లాండ్రీ అంటే మొహం మాడ్చుకుని చేసే పని, అంతే. ఆయాకు అలా కాదు. ఇదివరకు అక్కడ పనిచేస్తూ ఆ బట్టలుతికే సోడా ఆవిరికి ఊపిరాడక కుప్పకూలిపోయింది. డాక్టర్లే పట్టుబట్టి పైకి మార్పించారు. మళ్లీ లాండ్రీకి పొమ్మంటే ఉద్యోగం మానుకోవడమే. ఆమె ఇల్లు ఆ ఉద్యోగం మీదే నడుస్తోంది.

రేపు పరీక్ష అనగా లిఫ్టు ఆపరేటరుకు డ్యూటీ పడి క్లాసుకు రాలేదు. టీచరమ్మ ఆయాను లేపి చెప్పమంది. ఆయా నిలబడి గుమ్మం వంక చూస్తోంది.

“అటేం చూస్తావు? చెప్పు.”

“తమ్ముడు రాలేదు కదమ్మా.”

“రాకపోతే మొత్తం నువ్వే చెప్పు.”

“మొదలు వాడిది కదమ్మా. నాది చివర.”

టీచరమ్మ గుండెల్లో రాయి పడింది. తోటమాలిని లేపింది. అతనూ అంతే. వెనక బెంచీ వంటామె కూడా అంతే. ఒక్కొక్కరికీ వాక్యానికి తోకే ఉంది, తల లేదు. ఇన్నాళ్లూ తాను నేర్పింది ఇదా!

“వచ్చినవాళ్లు వెళ్లిపోండి. మీకేం, దర్జాగా గట్టెక్కుతారు” అని వాళ్లను పంపేసి, రానివాళ్లను కూర్చోబెట్టి రుద్దడం మొదలెట్టింది. ఎంత రుద్దితే ఆయా అంత బిగుసుకుపోయింది. నోరు తెరిస్తే చివరి ముక్కే వస్తోంది. టీచరమ్మకు ఒళ్లు మండింది.

“నీకు ఎన్నిసార్లు చెప్పాలి? రేపు ఆ లాండ్రీలో పడి చస్తావా?”

అనేశాక నాలుక కరుచుకుంది. ఆయా కళ్లు తుడుచుకుని, “ఇంకోసారి అడుగమ్మా” అంది. ఇంకోసారి అడిగినా రాలేదు. ఆ మొహం చూడలేక టీచరమ్మ తనే ముందు లేచి బయటికొచ్చేసింది.

మర్నాడు పరీక్ష మీటింగు గదిలో. పొడుగాటి బల్ల, ఆ చివర మేనేజరు, ఈ చివర ఒకే ఒక్క కుర్చీ. టీచరమ్మను మూలన కూర్చోనిచ్చారు గానీ నోరు విప్పకూడదన్నారు. ఎవరైనా మాట అందిస్తే అందించినవాళ్లూ, అందుకున్నవాళ్లూ ఇద్దరూ తప్పినట్టే. తలుపు ఓరగా తెరిచి ఉంది. బయట వరుసగా కూర్చున్నవాళ్లలో మొదట ఆయా కనిపిస్తోంది.

ముందు లిఫ్టు ఆపరేటరును పిలిచారు. హమ్మయ్య, శుభారంభం అనుకుంది టీచరమ్మ. నాకు ఇప్పుడే ఆపరేషన్ అయింది, నొప్పి వస్తే ఏం చెయ్యమంటావని మేనేజరు ఇంగ్లీషులో అడిగాడు. అతను గొంతు సవరించుకుని, కాలరు సర్దుకుని దర్జాగా మొదలెట్టాడు.

“సర్, ఇఫ్ యూ ఫీల్ ఎనీ పెయిన్...”

ఆగాడు. పక్కకు తిరిగి చూశాడు. పక్కన ఎవరూ లేరు.

“ఊఁ? ఫీలైతే?” అన్నాడు మేనేజరు.

అతను మళ్లీ మొదలెట్టాడు. మళ్లీ అక్కడే ఆగాడు. టీచరమ్మ పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుంది. ఓరి దేవుడా! వీడికి వచ్చనుకున్న ఇంగ్లీషంతా ఒక అంతస్తు దాటేంతే. వాక్యం సగానికి వచ్చేసరికి తలుపు తెరుచుకుని ఎక్కినవాళ్లు దిగిపోతారు. క్లాసులో మిగతా సగం ఇంకొకరు మోశారు. ఇన్నాళ్లూ తనకు తట్టనే లేదు.

“సర్, ఇఫ్ యూ ఫీల్ ఎనీ పెయిన్...”

“ప్లీజ్ ప్రెస్ ది బెల్!”

తలుపు అవతల నుంచి వచ్చింది కేక.

“ఎవరది? లోపలికి రా!” అన్నాడు మేనేజరు.

ఆయా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని వచ్చింది. “నేనే సార్. అందించాలని కాదు సార్. నా వంతొచ్చిందనుకుని నోరు జారింది.”

టీచరమ్మ ఇక ఆగలేకపోయింది. “తప్పు నాది సార్. నేనే అలా నేర్పాను. ఒకళ్లు మొదలు, ఒకళ్లు చివర.”

“బాగుంది. పేషెంటు దగ్గరికి కూడా ఇద్దరూ చేతులు పట్టుకుని వెళ్తారా?”

మేనేజరు ఆయా వైపు వేలు చూపించాడు.

“సరే. ఈవిణ్ణి ఒక్కతినే మొత్తం చెప్పమనండి. చెప్పలేదో, ఇద్దరూ కిందికే.”

ఆయా నోరు తెరిచింది. మొదలు దొరకలేదు. లిఫ్టు ఆపరేటరు తల దించుకుని కూర్చున్నాడు. ఆమె అతని వంక చూసింది. ఏమనుకుందో ఏమో, అచ్చం అతనిలాగే గొంతు సవరించుకుంది. లేని కాలరు సర్దుకుంది. గొంతు బొంగురు చేసి, “సర్, ఇఫ్ యూ ఫీల్ ఎనీ పెయిన్” అంది. వెంటనే తన సన్న గొంతుతో, “ప్లీజ్ ప్రెస్ ది బెల్” అంది.

మేనేజరు నోరెళ్లబెట్టాడు. డాక్టరు గారు ఏరి అని అడిగాడు. ఆమె మళ్లీ బొంగురు గొంతుతో డాక్టరు ఆపరేషన్ థియేటర్లో ఉన్నారంది, సన్న గొంతుతో ఇక్కడే కూర్చోండంది, అంతా ఇంగ్లీషులోనే, గుక్క తిప్పుకోకుండా. మేనేజరు నవ్వు ఆపుకోలేక మొహం పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత లిఫ్టు ఆపరేటరు వైపు చూశాడు.

“ఇప్పుడు నువ్వు చెప్పు. ఆవిడ ముక్కలతో సహా.”

అతను ప్రయత్నించాడు. డాక్టరు ఆపరేషన్ థియేటర్లో ఉన్నారన్నంత వరకూ వచ్చి ఆగిపోయాడు. ఇప్పుడే విన్న ముక్క కూడా నోటికి రాలేదు.

ఆయాను పిల్లల వార్డులోనే ఉంచారు. అతన్ని లాండ్రీకి పంపారు, కొన్నాళ్లకు మళ్లీ పరీక్షకు రమ్మన్నారు. మిగతావాళ్ల పరీక్ష వాయిదా వేసి, ముందు మీరు పాఠం సరిగ్గా చెప్పండమ్మా అని టీచరమ్మకు చీవాట్లు పెట్టాడు మేనేజరు.

బయట వరండాలో లిఫ్టు ఆపరేటరు గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. ఆయా ఎదురుగా నిలబడి ఏడుస్తోంది.

“నా వల్లే తమ్ముడూ. నేను నోరు మూసుకుని ఉంటే...”

“నీ వల్ల కాదక్కా. ఇన్నాళ్లు నా పక్కనే కూర్చున్నావు. నా ముక్క అవగానే నా పనైపోయిందనుకునేవాణ్ణి. నువ్వేమనేదానివో ఒక్కసారీ వినలేదు.”

టీచరమ్మ వచ్చి అతని పక్కన నేల మీదే కూర్చుంది. ఓదార్చాలనుకుంది, ధైర్యం చెప్పాలనుకుంది.

“నేనూ వినలేదు నాయనా” అంది.